నడుములో వెతికిన జబ్బు మెడలో దొరికింది: ఒక కేస్ స్టడీ

ఆయనకు 57 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పన్నెండేళ్లుగా భార్యతో కలిసి సెల్లార్ గదిలోనే కాపురం. మా ఓపీకి వచ్చిన రోజు కొడుకు ఒక పక్క, ఊరి నుంచి వచ్చిన తమ్ముడు ఇంకో పక్క పట్టుకుని నడిపించుకొచ్చారు. కొడుకు చేతిలో పెద్ద ప్లాస్టిక్ కవరు. అందులో రెండేళ్ల రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు. కవరు పక్కన పెట్టి, ముందు ఏం జరిగిందో చెప్పమన్నాను. రిపోర్టులు ముందే చదివితే అందులో రాసిన జబ్బే కళ్లముందు కూర్చుంటుంది, మనిషి చెప్పేది చెవికెక్కదు. ఈ అలవాటు నాకు చాలా ఏళ్ల ప్రాక్టీసు తర్వాతే వచ్చింది.

నరాల జబ్బుల్లో మేం రెండు ప్రశ్నలు వరుసగా వేసుకుంటాం. దెబ్బ ఎక్కడ తగిలింది? ఎందుకు తగిలింది? మొదటిదానికి జవాబు దొరక్కుండా రెండోదానికి వెళ్తే దారి తప్పుతాం. ఈ పేషెంట్ విషయంలో రెండేళ్లపాటు జరిగింది అదే. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

ఆయన చెప్పింది

"కాళ్లు బిగుసుకుపోతున్నాయయ్యా. పొద్దున లేస్తే కర్రల్లాగుంటాయి" అంటూ మొదలుపెట్టారు.

మూడేళ్ల కిందట నడుము పట్టేసింది. నిజానికి అంతకు చాలా ముందునుంచే నడుము, మెడ గట్టిగా ఉండేవట. మూటలు మోసిన ఒళ్లు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆరు నెలలు గడిచాక మెట్లు దిగేటప్పుడు కాళ్లు మాట వినడం లేదని గమనించారు. ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఏడాదిగా గోడ పట్టుకుని నడుస్తున్నారు. మూత్రం వచ్చిందంటే బాత్‌రూమ్ దాకా ఆపుకోలేకపోతున్నారు.

"నడుస్తుంటే చెప్పు ఊడిపోతోందా? ఊడినట్టు మీకు తెలుస్తోందా?" అని అడిగాను. మన దేశంలో న్యూరాలజీ నేర్చుకున్నవాళ్లంతా అడిగే ప్రశ్న ఇది. చెప్పు జారుతోందని తెలిసి కూడా పట్టుకోలేకపోతే కాలివేళ్లలో బలం తగ్గినట్టు. జారిపోయినా తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు. "గేటు దాకా పోయి చూసుకుంటే ఒక కాలికి చెప్పుండదు. ఎక్కడ వదిలానో వెనక్కి పోయి వెతుక్కోవాలి" అన్నారు. ముఖం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా అని అడిగితే, కళ్లు మూసుకుని నీళ్లు చల్లుకోగానే ముందుకు పడబోతున్నాననీ, ఒక చేత్తో కుళాయి పట్టుకుని రెండో చేత్తో కడుక్కుంటున్నాననీ చెప్పారు. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చేరవేసే దారి వెన్నుపాము వెనక భాగంలో ఉంటుంది. ఆ దారి పాడైతే మనిషి కళ్ల సాయంతోనే నిలబడగలుగుతాడు. కళ్లు మూస్తే ఆధారం పోతుంది.

చేతుల సంగతి అడిగితే "బాగానే ఉన్నాయి" అన్నారు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆయన భార్య ముందుకొచ్చింది. "ఏం బాగున్నాయండీ, అన్నం కలుపుకోవడం చేతకావట్లేదు. ఐదు నెలలుగా నేనే కలిపి పెడుతున్నా. చొక్కా గుండీలు కూడా నేనే." ఆయన తల దించుకున్నారు. రెండేళ్లలో ఎంతోమంది డాక్టర్లు ఆయన్ని చూశారు, ఒక్క చీటీలో కూడా చేతుల మాట లేదు. కాళ్ల కోసం వచ్చిన మనిషిని చేతుల గురించి ఎవరూ అడిగినట్టు లేరు. అడిగినా ఆయన ఇలాగే "బాగున్నాయి" అని ఉంటారు. పక్కన భార్యను నిలబెట్టి అడగాల్సిన ప్రశ్న అది.

ఒంటి మీద దొరికిన గుర్తులు

నడక చూడగానే వెన్నుపాము మీద అనుమానం వచ్చింది. రెండు కాళ్లూ కత్తెరలా ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పాదాలు నేలను ఈడుస్తున్నాయి. పడుకోబెట్టి మోకాలి కింద సుత్తితో తట్టగానే కాలు ఎగిరిపడింది. పాదాన్ని చటుక్కున పైకి నొక్కి పట్టుకుంటే టకటకమని కొట్టుకుంటూనే ఉంది. దీన్ని క్లోనస్ అంటాం. అరికాలి బయటి అంచు వెంట గీస్తే బొటనవేలు పైకి లేచింది. పెద్దవాళ్లలో అది కిందకు ముడుచుకోవాలి. పైకి లేచిందంటే మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కాళ్లకు వెళ్లే దారిలో ఎక్కడో అడ్డం పడింది. 1896లో బాబిన్‌స్కీ చెప్పిన గుర్తు ఇది. ఇన్ని స్కాన్లు వచ్చాక కూడా నేను దీన్ని ఒక్క పేషెంట్‌లోనూ వదలను.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన విషయం ఒకటుంది. వెన్నెముక ఉన్నంత పొడుగునా వెన్నుపాము ఉండదు. పెద్దవాళ్లలో అది మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కిందకు గుర్రపు తోకలా నరాల పోగులే ఉంటాయి. నడుము కింది భాగంలో ఆ నరాలు నలిగితే రిఫ్లెక్సులు, అంటే సుత్తితో తట్టినప్పుడు వచ్చే కదలికలు, తగ్గుతాయి, కాళ్లు వదులవుతాయి. షుగర్ వల్ల నరాలు పాడైనా అంతే, ముందుగా మడమ దగ్గరి రిఫ్లెక్సు పోతుంది. ఎగిరిపడుతున్న ఈ కాళ్లకు నడుము డిస్కు కారణం కాలేదు, షుగరూ కాలేదు. దెబ్బ అంతకన్నా పైన తగిలి ఉండాలి.

ఎంత పైన అన్నది చేతులు చెప్పాయి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. గుప్పిట మూసి తెరవమంటే మామూలు మనిషి పది సెకన్లలో 20 సార్లు చేస్తాడు. ఈయన 9 సార్లకే ఆగిపోయారు. మధ్యవేలి గోరును చిటికేసినట్టు వదిలితే బొటనవేలు లోపలికి ముడుచుకుంది. మణికట్టుకు కాస్త పైన బొటనవేలి వైపు ఎముక మీద తట్టినప్పుడు మోచేయి ముడుచుకోవాలి. ఆయనకు మోచేయి కదల్లేదు, వేళ్లు ముడుచుకున్నాయి. మెడలో ఐదు, ఆరు నరాల స్థాయిలో వెన్నుపాము నలిగినప్పుడు కనిపించే గుర్తు ఇది. ఆ స్థాయి రిఫ్లెక్సు పోతుంది, దాని కిందివి రెచ్చిపోతాయి. గడ్డం మీద తట్టి చూసిన దవడ రిఫ్లెక్సు మాత్రం మామూలుగానే ఉంది. అంటే మెదడు కాండం బాగానే ఉంది. పై హద్దు దొరికింది, కింది హద్దు దొరికింది. మెడలో వెన్నుపాము నలుగుతోందని స్కాన్ చూడకముందే కేస్ షీటులో రాసుకున్నాను.

అయితే ఆయన మెడ నేను రోజూ చూసే అరిగిపోయిన మెడలా లేదు. "పైకప్పు చూడండి" అంటే కళ్లు మాత్రమే పైకి వెళ్లాయి. ఆ తర్వాత మోకాళ్లు వంచి ఒళ్లంతా వెనక్కి వాల్చబోయి తూలారు. పక్కకు చూడమంటే భుజాలతో సహా మనిషంతా తిరిగారు. గొంతుక్కూర్చోవడం నాలుగేళ్ల కిందటే మానేశారట. మోచేతులు పూర్తిగా చాపలేరు. ఛాతీ చుట్టూ టేపు పెట్టి ఊపిరి పీల్చమంటే 1.5 సెంటీమీటర్లే పెరిగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది 4, 5 సెంటీమీటర్లు ఉంటుంది. మెడ, నడుము, పక్కటెముకలు, మోచేతులు అన్నీ కలిపి గడ్డకట్టినట్టున్నాయి. మెడ అరుగుదలకు మోచేతులు బిగుసుకోవు.

కవరులో ఉన్నవి

ఇప్పుడు కవరు తెరిచాను. మొదటి చీటీలో షుగర్ బోర్డర్‌లో ఉందనీ, కాళ్ల నరాలు దానివల్లే దెబ్బతిన్నాయనీ ఉంది. మాత్రలు, బి12 ఇంజెక్షన్లు ఇచ్చారు. బి12 తగ్గితే కూడా వెన్నుపాము దెబ్బతింటుంది, కళ్లు మూస్తే తూలడం అక్కడా ఉంటుంది. కాబట్టి ఆ ఆలోచనలో తప్పులేదు. కానీ ఇంజెక్షన్లకు ముందు రక్తంలో బి12 ఎంతుందో చూడలేదు. ఒకసారి ఇంజెక్షన్ పడ్డాక ఆ పరీక్ష దేనికీ పనికిరాదు, అంకె ఎక్కువే వస్తుంది.

తర్వాతిది నడుము ఎమ్మారై. నాలుగు, ఐదు పూసల మధ్య నరాల దారి ఇరుకైందని ఉంది. ఆ రిపోర్టు చూసి నడుముకు ఆపరేషన్ చేయాలన్నారు. ఆయన వయసులో ఎవరికి నడుము ఎమ్మారై తీసినా ఎంతో కొంత మార్పు కనిపిస్తుంది. స్కాన్‌లో కనిపించింది నిజమే. కానీ ఆయన బాధకు కారణం అది కాదు. డబ్బు సర్దుబాటు కాక ఆపరేషన్ ఆగింది. చేయించుకుని ఉంటే నడుము మీద కోత పడేది, మెడలో నలుగుడు అలాగే ఉండేది. పైగా ఇంత బిగుసుకున్న మెడ ఉన్న మనిషికి మత్తు ఇవ్వడానికి మెడను వెనక్కి వంచి గొట్టం వేసి ఉంటే ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

మూడో చోట చీటీలో చేతుల మాట రాయకపోయినా రిఫ్లెక్సులు చూశారు. కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా చచ్చిపోయే మోటార్ న్యూరాన్ డిసీజ్ కావచ్చని చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. కండ కరిగి, రిఫ్లెక్సులు రెచ్చిపోతే ఆ జబ్బు గుర్తుకు రావడం సహజమే. కానీ ఆ జబ్బులో స్పర్శ పోదు. చెప్పు ఊడిపోయినా తెలియని మనిషికి ఆ పేరు పెట్టేముందు చాలా ఆలోచించాలి. నెట్‌లో ఆ పేరు వెతికి చదివినవాళ్ల ఇంట్లో ఆ రాత్రి ఎలా గడుస్తుందో మనం మర్చిపోకూడదు.

అన్నిటికన్నా అడుగున ఒక తుంటి ఎక్స్‌రే ఉంది. ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ఎముకల సాంద్రత బాగా పెరిగిందనీ, క్యాన్సర్ పాకిందేమో చూడాలనీ రిపోర్టులో ఉంది. నేను దాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తుంటే కొడుకు నన్ను బయటికి రమ్మని సైగ చేశాడు. వరండాలోకి వెళ్లాం. "సార్, నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనన్నారు. ఎముకల స్కాన్ తీయించమన్నారు. ఆయనకు చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. మూడు నెలలుగా నాకొక్కడికే తెలుసు" అన్నాడు. పాతికేళ్ల కుర్రాడు. డెలివరీ పని చేస్తాడు. మూడు నెలలు ఆ టెన్షన్ ఒక్కడే మోశాడు.

మళ్లీ లోపలికొచ్చి ఆ ఎక్స్‌రేను ఇంకోసారి చూశాను. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకినప్పుడు ఎముకలు తెల్లబడటం నిజమే, కానీ సాధారణంగా మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఇక్కడ ప్రతి ఎముకా ఒకే తీరుగా తెల్లబడింది. అదీగాక తుంటి వెనక లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, కూడా ఎముకగా మారి ముళ్లలా పొడుచుకొచ్చాయి. క్యాన్సర్ లిగమెంట్లను ఎముకగా మార్చదు.

తమ్ముడి పళ్లు

ఇంత తెల్లగా ఎముకలు మారే జబ్బులు కొన్నే ఉన్నాయి. ఆయన పళ్లు చూడాలనుకున్నాను. నోరు తెరవమంటే పైనా కిందా కట్టుడు పళ్లు. నలభై దాటగానే ఒక్కొక్కటీ ఊడిపోయాయట.

అప్పుడు తమ్ముడు మాట్లాడాడు. అన్నకు ఏ తిండి పెట్టాలి, పథ్యం ఏమైనా ఉందా అని అడుగుతున్నాడు. నాకు ఆయన మాటల కన్నా ముందు పై వరస పళ్లు కనిపించాయి. ముందు పళ్ల మీద అడ్డంగా ఇటుకరంగు చారలు. కిళ్లీ, బీడీ మరకలు పళ్ల సందుల్లో, చిగుళ్ల అంచున పేరుకుంటాయి. ఈ చారలు రెండు పక్క పళ్ల మీదా ఒకే ఎత్తులో, జతగా ఉన్నాయి.

"మీదే ఊరు?"

"కనిగిరి అవతల పల్లెటూరయ్యా."

ఆ ఒక్క మాటతో కవరులో ఉన్న విడివిడి కాగితాలన్నీ ఒకచోటికి చేరాయి.

కనిగిరి, పొదిలి, దర్శి ఒకప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. తాగునీటిలోని ఫ్లోరైడ్ మనిషి ఎముకలను ఎలా వంచేస్తుందో, వెన్నుపామును ఎలా నలిపేస్తుందో మన దేశంలో మొదట రాసింది ఆ ప్రాంతపు మనుషుల గురించే. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటాం. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఆ పరిశోధన ప్రచురించారు. 1955లో నల్గొండ ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ రాసిన పత్రం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్లోరోసిస్‌లో నరాల సమస్యల మీద హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి పనిచేశారు. తెలుగు నేల మీద, తెలుగువాళ్ల ఒంటి మీద రాసుకున్న వైద్యశాస్త్రం ఇది. అలాంటిది మన దగ్గరే ఒక పేషెంట్ రెండేళ్లు తిరిగినా ఆ పేరు ఎవరి నోటా రాలేదంటే నాకు బాధగా ఉంటుంది.

ఎందుకు రాలేదో కూడా అర్థమవుతుంది. ఆయన ఆధార్ మీద హైదరాబాద్ అడ్రసు ఉంది. పన్నెండేళ్లుగా నగరపు కుళాయి నీళ్లు తాగుతున్నారు. కట్టుడు పళ్లు పెట్టుకున్నారు. వాచ్‌మన్ యూనిఫామ్‌లో వచ్చిన మనిషిని చూస్తే ఆ వెనక ఉన్న నలభై ఐదేళ్ల ఊరు కనిపించదు. కానీ ఒంట్లో మిగిలిపోయిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే చేరుతుంది. ఊరు మారినా అది ఎముకను వదిలి రావడానికి ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది. పళ్ల లెక్క వేరు. పంటి మీది ఎనామెల్ తయారయ్యేది చిన్నతనంలోనే, సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో ఏ నీళ్లు తాగారో పళ్ల మీద చార పడిపోతుంది. పెద్దయ్యాక ఫ్లోరైడ్ ప్రాంతానికి కోడలిగా వెళ్లిన ఆవిడకు పళ్లు తెల్లగానే ఉండి ఎముకలు బిగుసుకోవచ్చు. అందుకని పళ్లు బాగున్నంత మాత్రాన ఫ్లోరోసిస్ లేదనుకోకూడదు.

నీళ్ల గురించి అడిగాను. చిన్నప్పుడు దిగుడుబావి, తర్వాత చేతిపంపు, ఆ తర్వాత బోరు. పొగాకు బ్యారన్లలో, ఎండలో పని. రోజుకు ఐదు లీటర్లకు తక్కువ తాగేవాణ్ణి కాదన్నారు. "ఆ నీళ్లు ఉప్పగా కూడా ఉండవయ్యా, తియ్యగానే ఉండేవి" అన్నారు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి ఏమీ ఉండవు.

నిర్ధారణ

మొదట రాయించింది ముంజేతి ఎక్స్‌రే. నరాల డాక్టర్ చేతి ఎక్స్‌రే రాయడం చూసి కొడుకు ఆశ్చర్యపోయాడు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. వాటి మధ్య పల్చటి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర ఎముకగా మారి, ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఇంత స్పష్టంగా ఫ్లోరోసిస్‌ను చూపించే గుర్తు ఇంకోటి లేదు. గంటలో ఫిల్మ్ చేతికొచ్చింది. రెండు ముంజేతుల్లోనూ ఆ రంపపు అంచు ఉంది. కొన్ని వందల రూపాయల పరీక్ష అది.

మెడ ఎమ్మారైలో మూడో పూస నుంచి ఆరో పూస దాకా వెన్నుపాము ముందునుంచీ వెనకనుంచీ నొక్కుకుపోయి రిబ్బన్‌లా చదునుగా ఉంది. నొక్కుడు ఎక్కువగా ఉన్నచోట వెన్నుపాములో తెల్లటి మచ్చ, అంటే లోపల కణాలకు కూడా దెబ్బ తగిలింది. అయితే ఎమ్మారైలో ఎముకగా మారిన లిగమెంటూ నల్లగానే కనిపిస్తుంది, మామూలు లిగమెంటూ నల్లగానే కనిపిస్తుంది. నొక్కుతున్నది ఏమిటో తేల్చడానికి సీటీ కావాలి. సీటీలో పూసల వెనక అంటుకుని ఉండే లిగమెంటు పొడుగునా రాయిలా ఎముకగా మారి వెన్నుపాము ఉండే దారిలో సగానికి పైగా ఆక్రమించింది. ఫ్లోరోసిస్ కేసుల్లో మెడ ఒక్కటే తీసి ఊరుకోకుండా వెన్నెముక మొత్తం చూడాలి. అలా చూస్తే వీపు కింది భాగంలో, పది, పదకొండో పూసల మధ్య, వెనక లిగమెంటు కూడా ఎముకగా మారి వెన్నుపామును తాకుతోంది.

రక్తపరీక్షల్లో ఎముకల మార్పును చూపే ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 268, అంటే ఎక్కువ. పారాథైరాయిడ్ హార్మోన్ కొద్దిగా ఎక్కువ, విటమిన్ డి 17, అంటే తక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1, మామూలుగానే ఉంది. కిడ్నీలు బాగున్నాయా అన్నది ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే ఫ్లోరైడ్ బయటికి పోయే దారి అదే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఫ్లోరైడ్ ఇంకా వేగంగా పేరుకుంటుంది. కిడ్నీ జబ్బు ఒక్కటే ఉన్నా ఎముకలు ఇలా మారే అవకాశం ఉంది కాబట్టి దాన్ని కొట్టేయడానికీ ఈ పరీక్ష కావాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చూసే రక్తపరీక్ష పిఎస్ఏ 1.4, మామూలుగానే వచ్చింది. వెన్నెముక బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ కూడా మనసులో ఉంది కానీ, ఆ జబ్బు మొదలయ్యే చోటైన తుంటి వెనక కీళ్లు తెరుచుకునే ఉన్నాయి.

మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములు వచ్చింది. ఊరు వదిలి పన్నెండేళ్లయినా ఎముక అరిగి మళ్లీ కట్టుకునే క్రమంలో పాత ఫ్లోరైడ్ ఇంకా బయటికి వస్తూనే ఉంది. తమ్ముణ్ని ఊరి పాత బోరు నీళ్లు తెమ్మన్నాను. గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలోనే తెమ్మని చెప్పాను. గాజుతో ఫ్లోరైడ్ కలిసి లెక్క తప్పుతుంది. వారానికి తెచ్చాడు. లీటరుకు 4.6 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. రోజుకు ఐదు లీటర్లంటే నీళ్ల ద్వారానే 23 మిల్లీగ్రాములు. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు చొప్పున పది, ఇరవై ఏళ్లు ఒంట్లోకి వెళ్తే మనిషిని వంచేసే ఫ్లోరోసిస్ వస్తుంది. ఈయన తాగింది నలభై ఏళ్లు. అస్థి ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో దాదాపు 10 శాతం మందికి వెన్నుపాము, నరాలు నలుగుతాయని లెక్క. ఆ పదిలో ఒకరు ఈయన.

కొడుకును పిలిచి క్యాన్సర్ లేదని చెప్పాను. ఎందుకు లేదనుకుంటున్నానో ఎక్స్‌రే చూపించి చెప్పాను. పిఎస్ఏ ఒక్కటే చూసి ఆ మాట అని ఉంటే అతను పూర్తిగా నమ్మేవాడు కాదేమో. ఆ లిగమెంట్ల ముళ్లు వేలితో తడిమి చూసుకుని, కుర్చీలో కూర్చుని ఏడ్చాడు.

ఆపరేషన్

ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను కడిగేసే మందు లేదు. నలుగుతున్న వెన్నుపాముకు చోటు చేయడం ఒక్కటే దారి. వెన్నుపాము ఎంత దెబ్బతిన్నదో కొలిచే ఎంజేఓఏ స్కోరు 18కి 9 ఉంది, తీవ్రమైన స్థాయి. మచ్చ పడిన వెన్నుపాము పూర్తిగా కోలుకోదనీ, ఉన్నది పోకుండా ఆపడం మొదటి లక్ష్యమనీ, తిరిగి వచ్చేది ఎంతైతే అంత లాభమనీ ఇద్దరు భార్యాభర్తలకూ చెప్పాను. "అన్నం కలుపుకోగలిగితే చాలయ్యా" అన్నారు ఆయన.

మత్తు డాక్టర్‌తో ముందే మాట్లాడుకున్నాం. మెడ వంచకుండా, మెలకువగా ఉండగానే సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళంలోకి దారి చేశారు. ఛాతీ సరిగా విచ్చుకోదు కాబట్టి ఆపరేషన్ తర్వాత ఊపిరి కసరత్తులు ముందునుంచే నేర్పించారు. మా న్యూరోసర్జన్ వెనకనుంచి మూడో పూస నుంచి ఆరో పూస దాకా వెన్నుపాము మీద పైకప్పులా ఉండే ఎముకను తీశారు. మామూలుగా ఇంత పొడుగున తీస్తే మెడ ముందుకు వాలిపోతుందని స్క్రూలు, రాడ్లు వేస్తారు. ఈయన మెడ అప్పటికే ఒక్క ముక్కలా అతుక్కుని ఉంది కాబట్టి అవేవీ వేయలేదు. ఎముక ఎంత గట్టిగా ఉందంటే మామూలుగా అయ్యే సమయానికి రెట్టింపు పట్టింది. డ్రిల్లు మొనలు మార్చుతూ పోవాల్సి వచ్చింది. ఆ పొరల కింద వెన్నుపాము మళ్లీ కొట్టుకోవడం మొదలైనప్పుడు నేను థియేటర్‌లోనే ఉన్నాను.

వీపులో ఉన్న రెండో నొక్కుడు సంగతి వెంటనే ముట్టుకోలేదు. చేతుల్ని పాడుచేస్తున్నది మెడ. కాళ్లకు ఎవరి వాటా ఎంతో మెడ సరిచేశాక చూద్దామనుకున్నాం. ఈ నిర్ణయం మీద మాలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఒకేసారి రెండూ చేసి ఉండాల్సిందని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

ఆ తర్వాత

మొదటి వారంలో ఎడమ భుజం పైకి ఎత్తలేకపోయారు. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత మెడలోని ఐదో నరం కొన్నాళ్లు మొరాయించడం మాకు తెలిసిందే, మూడు నెలల్లో సర్దుకుంది. ఫిజియోథెరపీకి మూడు నెలలు వారానికి మూడు రోజులు వచ్చారు. విటమిన్ డి, కాల్షియం సరిచేశాం. టీ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి రోజుకు ఆరుసార్లు తాగే టీ రెండుకు తగ్గించమన్నాను. దానికి మాత్రం చాలా బాధపడ్డారు.

ఆరో నెలలో స్కోరు 12కు వచ్చింది. గుప్పిట పది సెకన్లలో 15 సార్లు. మూత్రం ఆపుకోగలుగుతున్నారు. గుండీలు తనే పెట్టుకుంటున్నారు. పప్పన్నం కలుపుకుంటున్నారు, పెరుగన్నం మాత్రం చేతిలోంచి జారుతోందని భార్య చెప్పింది. కాళ్లు అంత మెరుగుపడలేదు. కర్ర పట్టుకుని నడుస్తున్నారు, మెట్లు దిగడం ఇంకా కష్టంగానే ఉంది. వీపులో ఉన్న నొక్కుడు దీనికి కారణమని అనుకుంటున్నాం. రెండో ఆపరేషన్ గురించి చెప్పాం. ఇప్పుడే వద్దన్నారు. పన్నెండేళ్లు చేసిన వాచ్‌మన్ పని వదిలేశారు, కొడుకు అదే వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు.

తమ్ముణ్ని కూడా పరీక్ష చేశాను. 51 ఏళ్లు. తనకేమీ ఇబ్బంది లేదన్నాడు. పైకప్పు చూడమంటే కళ్లు మాత్రమే పైకి వెళ్లాయి. మోకాళ్ల రిఫ్లెక్సులు కొంచెం చురుగ్గా ఉన్నాయి, బొటనవేలు ఇంకా కిందకే ముడుచుకుంటోంది. ముంజేతి ఎక్స్‌రేలో అదే రంపపు అంచు. మెడ సీటీలో లిగమెంటు ఎముకగా మారడం మొదలైంది, వెన్నుపాముకు ఇంకా చోటుంది. ఊళ్లోకి ఇప్పుడు పైపు నీళ్లు వస్తున్నాయి కానీ పొలంలో ఉన్నప్పుడు బోరు నీళ్లే తాగుతున్నాడట. ఇంటి నుంచి క్యాన్‌లో పట్టుకెళ్లమన్నాను. తల మీద మూటలు పెట్టుకోవద్దనీ, బండి మీద గతుకుల దారిలో వేగంగా వెళ్లొద్దనీ, చెప్పు ఊడిపోయినా తెలియకపోతే ఆ రోజే ఫోన్ చేయమనీ చెప్పాను. ఆరు నెలలకోసారి రమ్మన్నాను. ఇప్పటికి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి మనవణ్ని వెంటబెట్టుకొచ్చాడు. నాలుగేళ్ల పిల్లాడు. పాలపళ్లు తెల్లగా ఉన్నాయి. అసలు పళ్లు ఇప్పుడు చిగుళ్ల లోపల తయారవుతున్నాయి, కాబట్టి బడిలోనూ పొలంలోనూ వాడు తాగే నీళ్ల సంగతి కనుక్కుని, ఆ నీళ్లు కూడా ప్లాస్టిక్ సీసాలో తెమ్మని పంపించాను.